జేమ్సుటౌన్: ఒక వలస గ్రామము బ్రతికి బట్టకట్టిన విధము

మన గ్రామములలో పెక్కింటికి పుట్టిన తేది తెలియదు. మొదటి గుడిసె ఎవరు వేసిరో, మొదటి బావి ఎవరు త్రవ్విరో చెప్పగల వృద్ధులు ఏ ఊరిలోను ఉండరు. శాసనములున్నచోట కూడ అవి ఊరు నిలదొక్కుకొన్న తరువాతి సంగతులనే చెప్పును. అందుచేత ఒక ఊరు పుట్టిననాటి కష్టములను, తప్పులను, తగవులను అచ్చట నివసించినవారే వ్రాసిపెట్టిన చరిత్ర ఎక్కడనైన లభించినచో, ఊరి వ్యవహారములను నడుపు పంచాయతీ సభ్యులకు అది తీరికగా చదువదగిన విషయమగును.

అట్టి ఊరు ఉత్తర అమెరికా తూర్పు తీరమున, వర్జీనియా ప్రాంతములో ఒకటి కలదు. దాని పేరు జేమ్సుటౌన్. 1607వ సంవత్సరమున ఇంగ్లీషువారు స్థాపించిన ఈ ఊరు, ఆ ఖండములో వారికి స్థిరముగా నిలిచిన మొదటి వలస. నిలిచినదని ఒక్క మాటలో వ్రాయుట సులభమే. కాని మొదటి పదునేడు సంవత్సరములలో అచ్చటికి ఓడలెక్కి వచ్చినవారు ఆరువేలకు పైబడిరి; ఆ కాలము ముగియునాటికి బ్రతికియున్నవారు సుమారు 1,200 మంది మాత్రమే. ఈ కథలో ముఖ్యపాత్ర వహించిన ఒక అధికారి చివరకు మన మచిలీపట్టణములో కన్నుమూసెను. ఆ సంగతి దాని సందర్భమున చెప్పెదము.

కంపెనీ పెట్టుబడి

అమెరికాలో ఊరు కట్టవలెనను ప్రయత్నము ఇంగ్లీషువారికి క్రొత్త కాదు. 1587లో రోనోక్ అను దీవిలో స్త్రీలు, పిల్లలతో సహా నూరుమందికి పైగా దిగిరి. వారి నాయకుడు సరకుల కొరకు ఇంగ్లండునకు పోయెను. స్పెయినుతో యుద్ధము అడ్డువచ్చి అతడు మూడేండ్లకు గాని తిరిగి రాలేకపోయెను. 1590లో వచ్చి చూడగా ఊరు శూన్యముగా ఉండెను. ఒక స్తంభముపై చెక్కిన ఒక దీవి పేరు తప్ప మరేమియు మిగులలేదు. వారేమైరో నేటికిని తేలలేదు.

ఈ అనుభవము తరువాత ఒక్క ధనవంతుడు భరింపగల నష్టము కాదని గ్రహించి, పలువురు వాటాలు వేసుకొని కంపెనీలుగా ఏర్పడిరి. 1606 ఏప్రిలు 10న ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు వర్జీనియా కంపెనీకి సన్నదు ఇచ్చెను. ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ స్మైత్ అను లండను వర్తకుడే ఈ కంపెనీ వ్యవహారములను కూడ చాలకాలము నడిపెను. ఒక చేతితో తూర్పు సముద్రములకు ఓడలు పంపుచు, రెండవ చేతితో పడమటి సముద్రములకు మనుష్యులను పంపినవాడతడు. వాటాదారులు కోరినది పుణ్యము కాదు, లాభము. బంగారము దొరకునని, చీనా దేశమునకు దగ్గరి త్రోవ కానవచ్చునని వారి ఆశ.

1606 డిసెంబరు 20న సుసాన్ కాన్స్టెంటు, గాడ్‌స్పీడు, డిస్కవరీ అను మూడు ఓడలు లండను నుండి బయలుదేరెను. కెప్టెన్ క్రిస్టఫర్ న్యూపోర్టు వాటికి నాయకుడు. అందరును పురుషులు, బాలురు, స్త్రీలు లేరు. ఊరు కట్టుటకు దిగినవారు సుమారు 104 మంది. వారిలో ఇంచుమించు సగము మంది కాయకష్టమెరుగని పెద్దింటి బిడ్డలు. వడ్రంగులు నలుగురు, కూలీలు పండ్రెండుగురు, కమ్మరి ఒక్కడు. అడవి నరికి ఊరు కట్టబోవువారి జట్టు ఈ తీరున కుదిరినది.

ఊరి పెద్దలెవరో ఓడలోని వారికి తెలియదు. కంపెనీవారు ఏడుగురి పేర్లు వ్రాసి, పెట్టెలో పెట్టి, ముద్రవేసి, తీరము చేరిన తరువాతనే తెరువవలెనని ఆజ్ఞాపించిరి. 1607 ఏప్రిలు 26న తీరము చేరి పెట్టె తెరచి చూడగా, అందులో కెప్టెన్ జాన్ స్మిత్ పేరు కూడ ఉండెను. తిరుగుబాటు తలపెట్టినాడను నేరముపై దారిలోనే అతనిని నిర్బంధించియుండిరి. నిర్బంధములోనున్నవాడే ఊరి పెద్దలలో ఒకడని తెలియుటతో జేమ్సుటౌన్ పరిపాలన ఆరంభమయినది. వారాలు గడచిన తరువాత గాని అతనికి సభలో స్థానము ఇయ్యలేదు.

స్థలము, నీరు

మే నెల మధ్యలో వారు ఒక నదిలో లోపలికి పోయి, నేలకు దాదాపు అంటుకొనియున్న ఒక దీవిని ఎన్నుకొనిరి. నదికి రాజు పేరే పెట్టిరి. స్పెయినువారి ఓడలకు కనబడకుండుట, తుపాకులతో కాచుకొనుటకు వీలుండుట, ఒడ్డుననే లోతు నీరుండి ఓడలను చెట్లకు కట్టివేయ వీలగుట, ఈ మూడును చూచిరి. ఆ దీవిలో ఎవరును కాపురముండకుండుట కూడ వారికి మేలుగనే తోచెను. చుట్టుప్రక్కల వేల జనము నివసించు సీమలో ఆ ఒక్క తావు ఎందులకు ఖాళీగా ఉన్నదని అడుగవలసియుండెను. మన ఊరి వృద్ధ రైతెవరైన మొదట అడుగు ప్రశ్న అది.

ఆ సీమలో పౌహటన్ అను చక్రవర్తి క్రింద సుమారు ముప్పది తెగలు ఉండెను. జనము 14,000 వరకు ఉందురని అంచనా. వారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుచు, చేపలు పట్టుచు, వేటాడుచు జీవించువారు. ఆ దీవి పాస్పహెగ్ అను తెగవారి వేటనేల. చుట్టును చిత్తడి, దోమలు మెండు, ఊటనీరు లేదు. అందుచేతనే వారు దానిపై ఇండ్లు కట్టుకొనలేదు.

క్రొత్తవారు నదినీరే త్రాగిరి. ఆ నది సముద్రపు పోటుపాటులకు లోబడినది. పోటు వచ్చినపుడు నీరు ఉప్పన. పాటు తీసినపుడు బురద, మురికి. ఎండకాలమున పైనుండి వచ్చు మంచినీరు తగ్గగానే ఉప్పునీరు ఊరివరకు ఎగదన్ని అచ్చటనే నిలిచిపోవును. ఊరివారు పారవేసిన మాలిన్యము సముద్రమునకు కొట్టుకొనిపోక ఊరి రేవులోనే తిరుగుచుండును. ఆ నీటినే మరల ముంచుకొని త్రాగిరి. టైఫాయిడు, రక్తవిరేచనములు, ఉప్పునీటి వలన కలుగు వాపులు వారిని చంపినవని తరువాతి పరిశోధకుల అభిప్రాయము. రెండు రాళ్లకు, ఒక బాణమునకు భయపడి కోటగోడను నెలలోపల పూర్తిచేసినవారు, మంచినీటి బావిని రెండవ సంవత్సరము గడచువరకు త్రవ్వుకొనలేదు.

మే 26న సుమారు రెండువందల మంది స్థానికులు పైబడిన మాట నిజమే. అందుచేత మూడు మూలల కోటను జూను 15 నాటికి కట్టి ముగించిరి. వారమునకు న్యూపోర్టు ఓడలతో ఇంగ్లండునకు మరలిపోయెను. ఆ తరువాత ఆహారము కరవైనది. దినమునకు మనిషికి అరపైంటు గోధుమ, అరపైంటు బార్లీ, అదియు ఓడలో పురుగుపట్టినది, నీటిలో ఉడికించి పంచిరి. ఆగస్టు నెలలో దినమునకు ఒకరిద్దరు చొప్పున చనిపోసాగిరి. మరుసటి జనవరిలో న్యూపోర్టు తిరిగి వచ్చి చూచునప్పటికి 104 మందిలో 38 మంది మిగిలియుండిరి.

ఇట్టి దుర్దినములలో పెద్దల మధ్య ఐకమత్యముండెనా? లేదు. మొదటి అధ్యక్షుడు వింగ్‌ఫీల్డు తనకొరకు ఆహారము దాచుకొన్నాడని నేరముమోపి సెప్టెంబరులో దింపివేసిరి. అతడు అది అసత్యమని వ్రాసికొనెను. సభ్యులలో కెండాల్ అనువానిని కుట్రదారుడని కాల్చి చంపిరి. గాస్నోల్డు జ్వరముతో మరణించెను. ఏడుగురి సభలో మిగిలినవారు ఒకరినొకరు నమ్మకపోయిరి.

పనిచేయనివానికి అన్నము లేదు

ఈ స్థితిలో జాన్ స్మిత్ పైకి వచ్చెను. ఇతడు రైతు కుమారుడు, సిపాయి. నోరు పెద్దది, ధైర్యము దానికంటె పెద్దది. పడవలో గ్రామగ్రామమునకు పోయి, రాగిరేకులు, పూసలు, గొడ్డళ్లు ఇచ్చి, కొన్నిచోట్ల బెదిరించి, మొక్కజొన్న తెచ్చెడివాడు. 1607 డిసెంబరులో పౌహటన్ మనుష్యులు అతనిని పట్టుకొని చక్రవర్తి ఎదుటికి కొనిపోయిరి. అప్పుడు చక్రవర్తి కూతురు, పదునొకండేండ్ల పోకహాంటస్, అడ్డుపడి అతని ప్రాణము కాపాడినదని స్మిత్ చాల సంవత్సరముల తరువాత వ్రాసెను. అది నిజముగ జరిగినదా, లేక అతనిని తన క్రింది నాయకునిగ స్వీకరించుటకు పౌహటన్ జరిపిన తంతును స్మిత్ తప్పుగా గ్రహించెనా అని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. అతడు ప్రాణములతో తిరిగివచ్చుట మాత్రము వాస్తవము.

స్థానికులు ధాన్యమీయక కష్టపెట్టిరని ఇంగ్లీషువారు తరచు ఫిర్యాదు చేసిరి. దీనికి ఒక కారణము 1998లో తెలియవచ్చినది. ఆ ప్రాంతపు చిత్తడి నేలలలోని సైప్రసు వృక్షముల మ్రానులలో ఏటేట ఏర్పడు వలయములను శాస్త్రజ్ఞులు లెక్కించి పరీక్షించిరి. వానలు కురిసిన ఏట వలయము వెడల్పుగను, కురియని ఏట సన్నముగను ఉండును. 1606 మొదలు 1612 వరకు గల ఏడు సంవత్సరములు ఆ సీమలో 770 ఏండ్లలోను మిక్కిలి తీవ్రమైన అనావృష్టి కాలమని తేలినది. అనగా అమ్ముటకు స్థానికుల గాదెలలోనే ధాన్యము లేకుండెను. తమకే చాలని గింజలను తుపాకి చూపి అడిగినవారితో స్నేహమెట్లు కుదురును?

1608 జనవరిలో క్రొత్తవారు వచ్చిన కొద్దిదినములకే అగ్నిప్రమాదము జరిగి కోటలోని ఇండ్లు, బట్టలు, గింజలు కాలిపోయెను. నడిచలికాలమున ఇండ్లు లేనివారు ఇండ్లు కట్టుకొనుటకు మారుగ బంగారమునకై మట్టి త్రవ్విరి. నదిలో మెరయు ఇసుకను ఓడకు ఎత్తి లండనుకు పంపిరి. అది ఉత్త మట్టి అని అచ్చట తేలెను. కంపెనీవారు మరికొందరు కంసాలులను, అద్దములు చేయువారిని పంపిరే గాని సేద్యము తెలిసినవారిని కావలసినంతమందిని పంపలేదు. ముప్పదిమంది వడ్రంగులు, రైతులు, తోటవారు, జాలరులు, కమ్మరులు తన వద్దనున్నట్టివారు వేయిమంది కంటె మేలని స్మిత్ కంపెనీవారికి ఘాటైన జాబు వ్రాసెను.

ఊరి తిండి ఏర్పాటు కూడ గమనింపదగినది. భూమి యంతయు కంపెనీది. పండినది, కొన్నది, తెచ్చినది అంతయు ఉమ్మడి కొట్టుకు చేరవలెను. కొట్టునుండి అందరికి సమముగ పంచవలెను. పనిచేసినవానికిని, చేయనివానికిని వంతు ఒక్కటే. 1608 సెప్టెంబరులో అధ్యక్షుడైన స్మిత్ పనిచేయనివాడు తినరాదని శాసించెను. రోగులకు మాత్రము మినహాయింపు. ముప్పది నలువది మంది కష్టముపై నూటయేబది మంది కూర్చుండి తినుట ఇక చెల్లదని చెప్పి, దొరబిడ్డలచేత గొడ్డలి పట్టించెను. ఆ చలికాలము గడచి వసంతము వచ్చునాటికి బావి త్రవ్విరి, ఇరువది ఇండ్లు వేసిరి, ముప్పదినలువది ఎకరములు సాగుచేసిరి. కాని ఓడలలో వచ్చిన ఎలుకలు కొట్టులో విపరీతముగ పెరిగి, నిలువచేసిన మొక్కజొన్నను తినివేసెను. స్మిత్ అప్పుడు జనమును మూడు జట్లుగ చీల్చి, ఒక జట్టును నత్తగుల్లలు దొరకు తీరమునకు, ఒక జట్టును చేపలు పడు తావునకు పంపి ప్రాణములు నిలిపెను.

ఆకలికాలము

1609లో కంపెనీ సన్నదు మార్చుకొని, సభకు మారుగ ఒక గవర్నరుకు సర్వాధికారములు ఒసగెను. తొమ్మిది ఓడలలో అయిదువందల మందికి పైగా పంపెను. జూలైలో తుపాను వచ్చెను. గవర్నరు గేట్సు, కెప్టెన్ న్యూపోర్టు, క్రొత్త సన్నదు, అధికార పత్రములు అన్నియు ఒకే ఓడలో ఉండెను. ఆ ఓడయే బెర్ముడా దీవులవద్ద గండశిలలకు తగిలి చిక్కుకొనెను. ప్రాణనష్టము లేకుండ నూటయేబది మంది ఒడ్డు చేరిరి కాని, పది నెలలు అచ్చటనే ఉండి, ఆ దీవుల దేవదారు కలపతో రెండు పడవలు కట్టుకొనవలసి వచ్చెను.

మిగిలిన ఓడలు ఆగస్టులో జేమ్సుటౌనుకు చేరెను. తినువారు వచ్చిరి, తిండి తడిసి చెడినది, అధికారపత్రము రాలేదు. పాత పెద్దకును క్రొత్తవారికిని తగవు పెరిగెను. ఇంతలో తుపాకిమందు అంటుకొని స్మిత్ తీవ్రముగ గాయపడి, అక్టోబరులో ఇంగ్లండునకు పోయెను. మరల అతడు వర్జీనియాకు రాలేదు. నవంబరు నుండి పౌహటన్ మనుష్యులు కోటను చుట్టుముట్టి, బయటికి అడుగుపెట్టినవారిని చంపసాగిరి. వేటకు పోలేరు, చేపలకు పోలేరు. కోట వెలుపలి పందులను స్థానికులు చంపివేసిరి.

కోటలో చిక్కినవారు గుర్రములను తినిరి. తరువాత కుక్కలను, పిల్లులను, ఎలుకలను, పాములను తినిరి. చెప్పుల తోలు ఉడకబెట్టుకొనిరి. ఆనాటి అధ్యక్షుడు జార్జి పెర్సీ, శవములను కూడ తినిరని వ్రాసిపోయెను. ఇది అతిశయోక్తి అని కొందరు నమ్మలేదు. 2012లో కోటలోని ఒక నేలమాళిగ చెత్తలో పదునాలుగేండ్ల ఇంగ్లీషు బాలిక కపాలము, కాలి ఎముక దొరకెను. వాటిపై మాంసము కోసిన కత్తిగాట్లు ఉన్నవని 2013 మే నెలలో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. చలికాలపు ప్రారంభమున కోటలో సుమారు మూడువందల మంది ఉండిరి. మే నెలలో బెర్ముడా నుండి గేట్సు రెండు పడవలతో వచ్చి చూచునప్పటికి అరువదిమంది మిగిలియుండిరి. తలుపులు ఊడియుండెను, ఇండ్ల దూలములు వంటచెరకుగ కాలిపోయియుండెను.

గేట్సు వద్ద ఉన్న తిండి కొద్దివారములకే చాలును. ఊరు విడిచిపెట్టుటకే నిశ్చయించి, 1610 జూను 7న అందరిని ఓడలెక్కించెను. కోపముతో ఊరికి నిప్పుపెట్టబోయినవారిని ఆపి, తాను చివర ఎక్కెను. మరునాడు నదిలో దిగువకు పోవుచుండగా ఎదురుగ ఒక చిన్న పడవ వచ్చెను. క్రొత్త గవర్నరు లార్డు డి లా వార్ నూటయేబది మందితో, తిండిసామగ్రితో నదీముఖమున ప్రవేశించినాడని వార్త. అందరును వెనుకకు తిరిగిరి. ఒక్క దినము ఆలస్యమై ఉండినచో జేమ్సుటౌను కూడ రోనోక్ దారి పట్టియుండెడిది.

మూడెకరముల మడి

తరువాతి కాలము దండశాసనముల కాలము. 1611 మే నెలలో వచ్చిన సర్ థామస్ డేల్ సైనికాధికారి. అతడు వచ్చునప్పటికి జనము విత్తులు వేయుట మాని వీథులలో బంతులాట ఆడుకొనుచుండిరట. కొట్టులో దొంగిలించినవానికి, పారిపోయినవానికి మరణశిక్ష విధించుచు, ఢంకా మ్రోతతో పనికి పంపి, ఢంకా మ్రోతతో ఇంటికి పంపెను. స్థానికులపై క్రౌర్యము అతని రాకకు ముందే మితిమీరియుండెను: 1610 ఆగస్టులో పెర్సీ దండుతో పోయి పాస్పహెగ్ ఊరిని తగులబెట్టి, నాయకుని భార్యను, బిడ్డలను కూడ చంపించెను. ఏ తెగవారి నేలపై ఊరు కట్టుకొనిరో ఆ తెగ అంతటితో చెదరిపోయినది.

కాని డేల్ చేసిన మార్పులలో ఒకటి దండన వలన సాధింపలేనిదానిని సాధించెను. 1614 ప్రాంతమున అతడు పాతకాపులకు మనిషికి మూడేసి ఎకరముల చొప్పున సాగునేల కౌలుకు ఇచ్చెను. అందుకు బదులు సంవత్సరమున ఒక నెల, విత్తు కాలము, కోత కాలము కాని సమయమున, ఊరి పని చేయవలెను. రెండున్నర పీపాల మొక్కజొన్న ఉమ్మడి కొట్టుకు కొలువవలెను. మిగిలినది రైతుదే. ఉమ్మడి కొట్టు నాటి సేద్యమున వారమంతయు పట్టు పనిని ఇప్పుడు ఒక్క దినమున చేయుచున్నారని అచ్చటనే ఉండిన రాల్ఫు హేమర్ అను కార్యదర్శి వ్రాసెను. ముప్పదిమంది మునుపు పండింపలేనిదానిని ముగ్గురు నలుగురు పండించుచుండిరట. దీనినిబట్టి ఉమ్మడి పద్ధతియే చెడ్డదని తేల్చువారు కలరు. నా అభిప్రాయము వేరు. ఆనాటి కొట్టు ఊరివారి ఉమ్మడి సొత్తు కాదు. నెలల తరబడి ప్రయాణపు దూరమున, సముద్రమునకు ఆవల కూర్చున్న వాటాదారుల సొత్తు. లాభమేదో, నష్టమేదో ఊరివారికి లెక్క చెప్పినవారు లేరు.

ఇదే డేల్ 1618లో ఈస్టిండియా కంపెనీ ఓడలకు నాయకుడై తూర్పునకు వచ్చి, జావా తీరమున డచ్చివారితో పోరాడి, తరువాత మచిలీపట్టణమునకు చేరి, అచ్చట 1619 ఆగస్టు 9న జబ్బుతో మరణించెను. డేల్ వర్జీనియాలో మొదట అడుగిడిన 1611వ సంవత్సరముననే గ్లోబ్ అను ఓడ ఇంగ్లీషు వర్తకులను మొదటిసారిగ మచిలీపట్టణమునకు తెచ్చియుండెను. కెప్టెన్ న్యూపోర్టు కూడ అదే కంపెనీ కొలువులో చేరి 1617లో జావాలోని బాంటములో చనిపోయెను.

పొగాకు

ఊరిని నిలబెట్టిన పంట పొగాకు. స్థానికులు పెంచు రకము ఘాటు, ఇంగ్లండులో చెల్లలేదు. బెర్ముడాలో ఓడ పగిలి బ్రతికివచ్చిన జాన్ రాల్ఫు 1612లో దక్షిణపు దీవుల రకపు విత్తులు నాటి చూచెను. 1614లో మొదటి సరకు లండనుకు చేరెను. పొగ త్రాగుట అసహ్యకరమని 1604లోనే జేమ్సు రాజు ఒక చిన్నపుస్తకము ప్రకటించియుండెను; అయినను కొనువారు ఆగలేదు. 1617లో ఇరువదివేల పౌనుల సరకు ఎగుమతి అయినది; తరువాత రెండేండ్లలో అది రెట్టింపు దాటినది. మొదట ఆకులను కుప్పలు పోసి మగ్గించిరి. తరువాత త్రాళ్లకు వ్రేలాడదీసి గాలికి ఆరబెట్టుట మేలని కనుగొనిరి. గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు వర్జీనియా పొగాకు అని పిలుచు పంటకు ఆ పేరు ఈ వలస రాజ్యము నుండి వచ్చినదే. మన సీమకు అది 1920 ప్రాంతమున ప్రవేశించెను. దానిని బ్యారన్లలో వేడిగాలితో మగ్గించు పద్ధతి మాత్రము రాల్ఫు కాలమున లేదు.

1614 ఏప్రిలులో రాల్ఫు పోకహాంటసును వివాహమాడెను. ఆమెను అంతకు ముందటి యేడు ఇంగ్లీషువారు మోసముతో ఓడ ఎక్కించి బందీగ ఉంచియుండిరి. వివాహముతో కొన్నేండ్లు సంధి నిలిచినది. ఆమె 1616లో భర్తతో ఇంగ్లండునకు పోయి, 1617 మార్చిలో తిరుగు ప్రయాణమున అచ్చటనే చనిపోయెను.

పొగాకు ధర చూచి జనము తిండిగింజలు మరచిరి. రెండెకరముల మొక్కజొన్న వేయనివానికి పొగాకు వేయు హక్కు లేదని డేల్ శాసించియుండెను. అతడు పోగానే ఆ కట్టుబాటు సడలినది. 1617లో ఆర్గాల్ అను అధికారి వచ్చి చూడగా, నివాసయోగ్యమైన ఇండ్లు అయిదారు మాత్రమే ఉండెను. చర్చి కూలియుండెను, వంతెన విరిగియుండెను, మంచినీటి బావి చెడియుండెను. వీథులలోను, సంత జరుగు బయలులోను పొగాకు ఏపుగా పెరిగియుండెను.

చర్చిలో సభ

1618లో కంపెనీవారు దండశాసనములను తొలగించి, సొంత ఖర్చుతో వచ్చు ప్రతివానికి యేబది ఎకరముల చొప్పున భూమి ఇచ్చుటకు, ఊరివారి ప్రతినిధులతో సభ జరుపుటకు ఉత్తరువిచ్చిరి. 1619 జూలై 30న జేమ్సుటౌన్ చర్చిలో ఆ సభ కూడెను. గవర్నరు జార్జి యార్డ్లీ, అతని సలహాదారులు, పదునొకండు పల్లెల నుండి ఇద్దరేసి చొప్పున ఇరువదిఇద్దరు ప్రతినిధులు.

మొదటి చర్చయే ఆసక్తికరమైనది. కెప్టెన్ మార్టిన్ అను భూస్వామి తన సన్నదు ప్రకారము వలస చట్టములు తన పల్లెకు వర్తింపవని వాదించుచుండెను. ఆ హక్కు వదలుకొందువా అని సభ అడిగెను. వదలుకొననని అతడు చెప్పెను. అట్లయినచో చట్టమునకు లోబడని పల్లె ప్రతినిధులు ఇతరులకు చట్టములు చేయరాదని, వారిద్దరిని సభ బయటికి పంపివేసెను.

తరువాత చేసిన నిబంధనలలో కొన్ని: మేలురకము పొగాకు పౌనుకు మూడు షిల్లింగులు, రెండవ రకమునకు పదునెనిమిది పెన్నీలు. ప్రతి గృహస్థుడు తన ఇంటిలో తలకొక పీపా మొక్కజొన్న కరవుకాలమునకు నిలువ ఉంచవలెను. ప్రతివాడు ఏడేండ్లపాటు ఏటేట ఆరు మల్బరీ మొక్కలు నాటవలెను. జూదము, త్రాగుడు, సోమరితనము శిక్షార్హములు. స్థానికులకు అన్యాయము చేయరాదు. సభ గుమాస్తాకు, తదితర సేవకులకు జీతమునకై పదునారేండ్లు దాటిన ప్రతి పురుషుడు ఒక పౌను పొగాకు చెల్లింపవలెను. ఎండ తీవ్రతకు ఒక ప్రతినిధి సభాకాలముననే మరణించెను, గవర్నరు జబ్బుపడెను, ఆగస్టు 4న సభ ముగిసెను. అయిదవ దినమున మచిలీపట్టణములో డేల్ మరణించెను.

స్త్రీలకు ఆ ఎన్నికలో పాలు లేదు. ఆ నేల స్వంతదారులైన పౌహటన్ ప్రజలకు అసలే లేదు. అదే ఆగస్టు చివరలో ఒక ఓడ వచ్చి, అంగోలా నుండి పట్టి తెచ్చిన ఇరువదిమందికి పైగా ఆఫ్రికనులను తిండిసామగ్రికి మారుగ విడిచి పోయెను. ఆ వలసలో ఆఫ్రికనుల బానిసత్వమునకు అదియే మొదలు. ఒక్క వేసవిలో, ఒక్క ఊరి చుట్టుప్రక్కల, ప్రతినిధుల సభయు మనుష్యుల విక్రయమును రెండును ప్రవేశించెను.

స్థానికులకు అన్యాయము చేయరాదను నిబంధన కాగితముననే నిలిచెను. పొగాకు మూడు నాలుగేండ్లలో నేల సారమును పీల్చివేయును. రైతు క్రొత్త నేలకై స్థానికుల పొలములలోనికి చొచ్చుకొనిపోవును. పౌహటన్ 1618లో మరణించిన తరువాత అధికారమునకు వచ్చిన అతని బంధువు ఒపెచంకనో 1622 మార్చి 22న ఒకేమారు పల్లెలన్నిటిపై దాడి చేయించెను. 347 మంది ఇంగ్లీషువారు చనిపోయిరి. అది జనములో నాల్గవ వంతునకు పైబడినది. ముందుగ ఒక స్థానిక బాలుడు హెచ్చరించుటచే జేమ్సుటౌన్ మాత్రము తప్పించుకొనెను. ఇంగ్లీషువారు ప్రతీకారముగ పైరులు కాల్చిరి. 1623లో సంధి పేర పిలిచి విషము కలిపిన మద్యము త్రాగించిరి.

ఈ వార్తలు, లెక్కలు లండను చేరిన తరువాత విచారణ జరిగెను. 1624 మే 24న కంపెనీ సన్నదు రద్దయి, వర్జీనియా రాజు పాలన క్రిందికి పోయెను. వాటాదారులకు పెట్టిన సొమ్ము దక్కలేదు. రాజు ప్రతినిధుల సభకు ఆదేశమీయకున్నను ఊరివారు దానిని మానక కూడుచునే ఉండిరి. 1639లో రాజు అంగీకారము లభించెను.

జేమ్సుటౌన్ 1676లో ఒక తిరుగుబాటులో తగులబడెను. 1699లో రాజధాని, చిత్తడి లేని మెట్టనేలయందలి విలియమ్సుబర్గుకు మారిపోయినది. తరువాత దీవి పొలములై పోయినది. పాతకోట నదిలో కొట్టుకొనిపోయినదనియే అందరు నమ్మిరి. 1994లో త్రవ్వకములు మొదలుపెట్టగా, రెండేండ్లలో కోట కట్టడపు గుంజల గుంతలు ఒడ్డుననే, నేలలోపల చెక్కుచెదరక బయటపడినవి. గుర్రముల, కుక్కల ఎముకలు, రాగిరేకులు, పూసలు, చెత్త నింపి పూడ్చివేసిన తొలినాటి బావులు కూడ అచ్చటనే దొరకినవి.